రొయ్య ఒక్కసారిగా ఇల్లు మారదు

చుక్కలాయనకి ఈ లోకంలో ఒకే ఒక్క విషయం మీద నమ్మకం ఉండేది: ఏ పనీ ఒక్కసారిగా చెయ్యకూడదు. చన్నీళ్ళు ఒక్కసారిగా నెత్తిన పోసుకోకూడదు. కుర్చీలోంచి ఒక్కసారిగా లేవకూడదు. కొత్త చెప్పులు రెండూ ఒకే రోజు తొడగకూడదు. ఈ చివరిది ఆయన నిజంగానే పాటించేవాడు. మొదటి రోజు కుడికాలికి కొత్తది, ఎడమకాలికి పాతది. వీధిలో ఎవరైనా ఆగి చూస్తే, "రేపు రెండోది కూడా వేస్తాను, కంగారు పడకండి" అని ఆయనే వాళ్ళకి ధైర్యం చెప్పేవాడు. చివరికి ఆయన ఈ లోకం నుంచి వెళ్ళడం కూడా అలాగే వెళ్ళాడు. మూడు నెలలు తీసుకుని, అందరికీ అలవాటు చేసి మరీ వెళ్ళాడు.

ఈ జబ్బు ఆయనకి రొయ్యల వల్ల అంటుకుంది. తినే రొయ్యలు కావు. అద్దాల తొట్లలో, ఉప్పునీళ్ళలో, రంగురాళ్ళ మధ్య రాజుల్లా తిరిగే రొయ్యలు. ఆయనా, ఆయన చెల్లెలూ కలిసి అక్వేరియంల దుకాణం నడిపేవాళ్ళు. పని పంచుకోవడంలో తేడా ఏమీ లేదు. చేపలూ రొయ్యలూ ఆయన చూసుకునేవాడు, మనుషుల్ని ఆవిడ చూసుకునేది. తనకే కష్టమైన సగం వచ్చిందని ఆవిడ అభిప్రాయం.

ఒక తొట్టిలో ఉన్న రొయ్యని ఇంకో తొట్టిలోకి మార్చడం చూసేవాళ్ళకి చాలా తేలిక. రెండు తొట్లలోవీ నీళ్ళే కదా అనిపిస్తుంది. కానీ ఉప్పులో పిసరంత తేడా ఉంటుంది. చేప ఆ తేడాకి సర్దుకుపోతుంది. రొయ్య సర్దుకోదు. పొద్దున వేస్తే సాయంత్రానికి పక్కకి ఒరిగి, "నేను చెప్పలేదా" అన్నట్టు పడుంటుంది. అందుకని దాన్ని పాత నీళ్ళతో సహా బకెట్టులో పెట్టి, కొత్త తొట్టి నీళ్ళని పైనుంచి సన్నటి గొట్టంలోంచి చుక్క చుక్కగా పడనిస్తారు. గొట్టానికి వదులుగా ఒక ముడి వేస్తే చుక్కల జోరు అదుపులో ఉంటుంది. బకెట్టులో నీళ్ళు మూడింతలయ్యేసరికి ఉప్పు దాదాపు కలిసిపోతుంది, రొయ్యకి తను ఇల్లు మారిన సంగతే తెలీదు. అప్పుడు కూడా వల వాడకూడదు, కాళ్ళూ మీసాలూ చిక్కుకుంటాయి. గ్లాసుతో మెల్లగా ముంచి తీసుకెళ్ళి, నీళ్ళలోనే వదలాలి.

ఇంతవరకూ ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ చేసేదే. చుక్కలాయన ఒక మెట్టు పైకెళ్ళాడు. ఆయన చుక్కలు లెక్కపెట్టించేవాడు.

బకెట్టు పక్కన ఒక స్టూలు. స్టూలు మీద ఒక మనిషి. సెకనుకి ఒక చుక్క చొప్పున మూడు గంటలకి పదివేల ఎనిమిది వందల చుక్కలు. మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచి.

"నువ్వే లెక్కపెట్టుకోవచ్చు కదా?" అని చెల్లెలు వెయ్యిసార్లు అడిగింది.

"నాకు లెక్కలు రావమ్మా" అనేవాడు ఆయన, వెయ్యిసార్లూ అదే గొంతుతో.

లెక్కలు వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ దొరికేవాళ్ళు. ఒకసారి సాక్షాత్తూ లెక్కల మాస్టారే దొరికాడు. రిటైరై వారం అయింది. వాన పడుతుంటే తలదాచుకోవడానికి దుకాణంలోకి వచ్చి, తడవని గొడుగు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, సమయానికి దేవుడిలా వచ్చారు. కాస్త ఇలా కూర్చోండి, అర్జెంటుగా రొయ్య ఉంది."

మాస్టారు కూర్చున్నాడు. నాలుగువేల మూడు వందల పన్నెండు దగ్గర తుమ్మాడు. లెక్క పోయింది. అవమానంతో మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. అలా నెల రోజులు వచ్చాడు. ఒకరోజు మాస్టారి భార్య దుకాణానికి వచ్చి నిలదీసింది.

"మా ఆయన్ని మీరేం చేశారండీ? నిద్రలో కూడా ఆరువేల మూడు, ఆరువేల నాలుగు అంటున్నారు!"

"అంతకుముందు నిద్రలో ఏమనేవారమ్మా?"

"అంతకుముందు అసలు నిద్రెక్కడిది!" అందావిడ. అని కాసేపు ఆలోచించి, మాస్టారికి తెచ్చిన శాలువా అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

తరవాత ఎదురు వీధి దర్జీ. ఇరవై ఏళ్ళు తనతో కలిసి కుట్టిన స్నేహితుడు కత్తెరతో సహా పక్కవీధి కొట్టుకి వెళ్ళిపోయాడు. దర్జీ ప్రతి చుక్కకీ కాలితో నేలని తొక్కేవాడు, అక్కడ మిషను లేకపోయినా. మూడు వారాల్లో ఆ నేల నునుపుదేలింది.

ఇంకోసారి పై అంతస్తు కొత్తపెళ్ళికూతురు. ఇంట్లో వేసుకునే చెప్పులతో, చేతిలో ఒక్క దువ్వెనతో దుకాణంలోకి వచ్చి, "స్టేషనుకి బస్సు ఎన్నింటికండీ?" అని అడిగింది. చుక్కలాయన గోడ గడియారం వైపు చాలాసేపు చూశాడు.

"బస్సుకింకా టైముందమ్మా. ఈలోగా కాస్త ఇలా కూర్చో, అర్జెంటుగా రొయ్య ఉంది."

అరగంటకి మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకీ ఒక స్టూలు వేశారు. "ఆవిడ సరి చుక్కలు, మీరు బేసి చుక్కలు. గట్టిగా చెప్పాలి" అన్నాడు చుక్కలాయన. నూట యాభై దాకా ఇద్దరూ చెరో గోడకీ చెప్పుకున్నారు. రెండు వందల పదమూడు ఎవరిదన్న దగ్గర గొడవొచ్చింది.

"పదమూడు బేసి. నాది!"

"నువ్వు పన్నెండు దగ్గర దగ్గావు. దగ్గుని కూడా కలిపేశావు!"

"నేను దగ్గితే నీకెలా తెలుసు? అటు తిరిగి కూర్చున్నావుగా!"

వెయ్యి దాటాక దువ్వెన మొగుడి జేబులో కనిపించింది. రొయ్య ఇంకా సగం దారిలో ఉండగానే ఇద్దరూ ఇంటికెళ్ళిపోయారు. చుక్కలాయన ఆ ఖాళీ స్టూళ్ళని చూసి, "ఈ కాలం వాళ్ళకి ఓపిక లేదు" అన్నాడు.

చెల్లెలి ఫిర్యాదు వీటన్నిటికంటే పాతది. ఆవిడ భర్త పోయి పది రోజులు కాకుండానే పెట్టె పట్టుకుని అన్నయ్య దగ్గరికి వచ్చింది. గడపలో ఉండగానే ఈయన, "పెట్టె అక్కడ పెట్టమ్మా, అర్జెంటుగా రొయ్య ఉంది" అన్నాడు. పలకరింపు లేదు, పరామర్శ లేదు. మూడు నెలలు చుక్కలు లెక్కపెట్టింది. "మొగుడు పోయిన మనిషని చూడకుండా జీతం లేని పని చేయించుకున్నాడు మా అన్నయ్య" అని ఆవిడ దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పక్కనే నిలబడి ఆయన కూడా శ్రద్ధగా వినేవాడు, ఎవరో వేరేవాళ్ళ అన్నయ్య గురించి చెబుతున్నట్టు.

కబురు చెప్పడం కూడా ఆయనకి చుక్కల లెక్కే.

"చెల్లాయ్, వాన పడుతోంది."

పది నిమిషాలయ్యాక, "గట్టిగానే పడుతోంది."

ఇంకో పది నిమిషాలకి, "వెనకగది కిటికీ తెరిచుంది."

ఆవిడ పరుగెత్తబోతుంటే, "నిన్నటినుంచీ" అనేవాడు.

దుకాణం ఉన్న భవనాన్ని పడగొడుతున్నారన్న కబురు ఆవిడకి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు, "ఈ గోడలు పాతబడ్డాయి కదమ్మా" అన్నాడు. రెండో రోజు, "ఓనరు కూడా అదే అంటున్నాడు." మూడో రోజు, "ఆ చివర వీధిలో ఒక కొట్టు ఖాళీగా ఉందట." నాలుగో రోజు ఆవిడ నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇంకేమైనా మిగిలుందా, ఇప్పుడే చెప్పెయ్" అంది. "వచ్చే నెలాఖరుకి" అన్నాడు ఆయన.

చివర వీధి కొట్టు జనం కంట పడని కొట్టు. అక్కడ దుకాణం నిలబడాలంటే ఒక పెద్ద ఆర్డరు కావాలి. అది ఆవిడే పట్టుకొచ్చింది. ఒక పెద్ద హోటలు మేనేజరు వచ్చి, తొట్టిలో చెయ్యి పెట్టాడు. పెద్దావిడ మెల్లగా దిగివచ్చి, ఆయన చూపుడువేలి గోరు శుభ్రం చేసింది.

పెద్దావిడంటే మనిషి కాదు. వీపు మీద తెల్ల చారతో, ఎర్రటి ఒంటితో, తెల్లటి పొడుగు మీసాలతో ఉండే రొయ్య. చేపల ఒంటి మీద మురికి తిని బతికే జాతి. ఎవరి చెయ్యి కనిపించినా చేపే అనుకుంటుంది. నాలుగేళ్ళుగా ఆ దుకాణంలో ఉంది.

మేనేజరు చెయ్యి తుడుచుకుంటూ, "హోటల్లోకి అడుగుపెట్టగానే కనిపించేలా పెద్ద తొట్టి పెట్టిస్తాను. ఈ రొయ్యే కావాలి" అన్నాడు. "కానీ ముందు మీరు దుకాణం మారండి. మారిన మర్నాడు పది గంటలకి వస్తాను. మీ చేతుల మీదుగా మారి బతికుంటేనే కదా, మా దగ్గరికి వచ్చి బతికేది?"

మాట న్యాయంగానే ఉంది. దుకాణం బతుకు వేలెడంత రొయ్య మీద ఆధారపడిందని చెల్లెలికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నయ్యకి పట్టింది.

కొత్త కొట్టులో తొట్టి నెలన్నర ముందే పెట్టి నీళ్ళు సిద్ధం చేశారు. ఆఖరి రోజుకి చేపలూ రాళ్ళూ బల్లలూ అన్నీ వెళ్ళిపోయాయి. పాత దుకాణంలో పెద్దావిడ ఒక్కర్తే ఒక చిన్న తొట్టిలో మిగిలింది. సాయంత్రం ఆరింటికి తాళాలు అప్పగించాలి. మర్నాడు పొద్దున గోడలు పడగొట్టే మిషన్లొస్తాయి.

పొద్దున చుక్కలాయన తొట్టి దగ్గరినుంచి అన్నాడు:

"చెల్లాయ్, పెద్దావిడ బాగానే ఉంది."

ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చింది. అన్నయ్య మంచి కబురుతో మొదలుపెడితే వెనకాల ఏదో ఉన్నట్టే.

"త్వరగా చెప్పు."

"కొంచెం తెల్లబడింది."

"అన్నయ్యా!"

"చొక్కా విప్పేసింది."

తొట్టి అడుగున రొయ్య ఆకారంలోనే, మీసాలతో సహా, గాజులాంటి పల్చటి ఖాళీ పెంకు పడుంది. సామాను మోసేవాళ్ళు దాన్ని చూసి, పాపం పోయిందనుకుని టోపీలు తీశారు. పోలేదని చెల్లెలికి తెలుసు. అంతకంటే ఇబ్బందైన సంగతి అది. పెంకు వదిలిన రొయ్య ఒళ్ళు మైనంలా మెత్తగా ఉంటుంది. ఆ రోజు దాన్ని కదపడమే ప్రమాదం. నీళ్ళు మార్చడం ఇంకా ప్రమాదం.

"రెండు రోజులాగాలి" అన్నాడు ఆయన.

"రెండు రోజులకి ఇక్కడ గోడలుండవు!"

"అయితే ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా."

మధ్యాహ్నం దాకా రాయి చాటున విశ్రాంతి ఇచ్చి, రెండింటికి గ్లాసుతో బకెట్టులోకి దించాడు. కొత్త తొట్టి నీళ్ళు డబ్బాతో తెచ్చి పైన పెట్టాడు. నీళ్ళు మూడింతలయితే ఎక్కడికొస్తాయో బకెట్టు మీద గీత గీసి, గొట్టానికి ముడి ఇంకాస్త బిగించాడు. రెండు సెకన్లకి ఒక చుక్క. చెల్లెలు మనసులో లెక్క వేసుకుంది. నీళ్ళు మూడింతలు కావాలంటే రాత్రి ఎనిమిది అవుతుంది. తాళాలు ఆరింటికి.

తాళాలాయన అయిదున్నరకే వచ్చాడు. ఆ భవనంలో ఉన్న పద్నాలుగు దుకాణాలకీ ముప్పై ఏళ్ళుగా తాళాలు వేసేది ఆయనే. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక్కో షట్టరూ దించి, ఒక్కో తాళాన్నీ రెండేసిసార్లు లాగి చూసేవాడు. తొమ్మిదంటే తొమ్మిదే. ఒకసారి చెల్లెలు లోపల ఉండగానే షట్టరు దించేశాడు. ఆవిడ లోపలినుంచి కేకలేస్తే, "టైమెంతయిందో చూసుకోవాలమ్మా" అని బయటినుంచి సమాధానం చెప్పాడు. తాళాలాయన నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"అందరివీ అయిపోయాయి. మీదొక్కటే ఉంది" అన్నాడు గుమ్మంలో నిలబడి, తాళాలగుత్తి రెండు చేతులతో పట్టుకుని.

"రండి రండి. సమయానికి దేవుడిలా వచ్చారు. కాస్త ఇలా కూర్చోండి..."

చెల్లెలు కళ్ళు మూసుకుంది.

"...అర్జెంటుగా రొయ్య ఉంది."

"ఆరింటికి తాళం పడాలండీ."

"పడుతుంది. అప్పటిదాకా ఊరికే నిలబడతారా? చుక్కలు లెక్కపెట్టండి. గట్టిగా అక్కర్లేదు. కానీ తప్పకూడదు."

తాళాలాయన స్టూలు వైపు అనుమానంగా చూశాడు. కూర్చున్నాడు. గుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకటి. రెండు. ఖాళీ గదిలో చుక్క పడిన శబ్దం గోడల దాకా వెళ్ళి వస్తోంది.

ఆరయింది. చెల్లెలు గడియారం వైపు చూడకుండా నిలబడింది. తాళాలాయన గడియారం వైపు చూశాడు. పెదవులు కదుపుతూనే, ఒక వేలెత్తి ఆగమన్నట్టు సైగ చేశాడు.

ఆరున్నరకి ఓనరు ఫోన్ చేశాడు. తాళాలాయన ఎత్తి, "పదిహేను వందలు దాటాయండీ" అని పెట్టేశాడు.

ఏడింటికి చెల్లెలు టీ తెచ్చిచ్చింది. ఆయన బకెట్టులోంచి చూపు తిప్పకుండా తాగాడు. కాసేపటికి, ఎవరితోనో కాదన్నట్టు, "మూడో నంబరు షట్టరు ఎప్పుడూ బిగుసుకునేది. మోకాలితో తన్నాలి. ఇంకెవరికీ వచ్చేది కాదు" అన్నాడు. మళ్ళీ లెక్కలో పడ్డాడు. ఇంకాసేపటికి, "పైన రెండో నంబరులో ముందు గడియారాల కొట్టుండేది. ఒక్కటీ సరైన టైము చూపించేది కాదు" అన్నాడు. మళ్ళీ లెక్క.

చెల్లెలు అన్నయ్యని వెనకగదిలోకి లాక్కెళ్ళింది.

"భలేవాడివన్నయ్యా! ఆరింటికి తాళం పడకుండా మనిషిని ఎంత తెలివిగా కట్టిపడేశావు! నీలో ఇంత మాయ ఉందని నాకు తెలీదు."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"మాయేమిటమ్మా? తాళం రెండు గంటలు ఆగమని పొద్దున్నే ఓనరుని అడిగాను. సరే, తాళాలాయనకి ఫోన్ చేసి చెబుతానన్నాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"చెబుదామనే ఉన్నాను. మెల్లగా."

ఆవిడకి కోపం వచ్చింది కానీ దాన్ని వాడుకోవడానికి టైము లేదు. "అయితే ఆయన్నెందుకు కూర్చోబెట్టావు? లెక్క ఎక్కడైనా తప్పితే పెద్దావిడ గతేంటి?"

"లెక్క తప్పితే ఏమవుతుంది? రొయ్యకి లెక్కలొచ్చా?"

"చుక్కలు లెక్కపెట్టాలి కదా?"

"ఎందుకూ? ముడి వేశాం కదా. దాని పని అది చేసుకుంటుంది."

చెల్లెలు ఖాళీ గది మధ్యలో నిలబడిపోయింది. పక్కగదిలో తాళాలాయన మెల్లగా మూడువేల తొమ్మిది వందలు దాటుతున్నాడు.

"రేపటినుంచి ఆయనకి వెయ్యడానికి తాళాల్లేవమ్మా" అన్నాడు అన్నయ్య. "ఆరింటికి వేసేసి, గుత్తి ఇచ్చేసి, ఇంటికెళ్ళి ఒక్కడూ కూర్చోవాలి. ఒక్కసారిగా అయితే కష్టం కదా."

ఆవిడకి లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు, నేలని తొక్కే దర్జీ గుర్తొచ్చాడు. తరవాత గడపలో పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది.

"అయితే నేను లెక్కపెట్టిన మూడు నెలలూ..."

"నీదొక్కటే అన్యాయం" అన్నాడు ఆయన. "మూడు నెలల్లో ఒక్కసారైనా సరిగ్గా లెక్కపెట్టలేదు. ఒకరోజైతే తొమ్మిదివేల తరవాత ఎనభై రెండు అన్నావు. నేనేమైనా అన్నానా?"

అంతలో పక్కగదిలోంచి, "ఏమండీ! నీళ్ళు గీత దాకా వచ్చాయి! ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారా అక్కడ?" అని తాళాలాయన గద్దించాడు.

తాళం ఎనిమిదింటికి పడింది. ఆయన దాన్ని రెండుసార్లు లాగి చూశాడు. ఇంకోసారి కూడా లాగాడు. తరవాత బకెట్టు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే ఒళ్ళో పెట్టుకుని వ్యానులో కూర్చుని, దారి పొడుగునా డ్రైవర్ని తిట్టాడు. కొత్త కొట్టులో దీపాలు తగ్గించి, చుక్కలాయన పెద్దావిడని గ్లాసుతో ముంచి, గ్లాసుతో సహా తొట్టిలోకి దించి, పక్కకి ఒంచి పట్టుకున్నాడు.  అది చాలాసేపు ఆలోచించి బయటికి నడిచి, రాయి కిందికి వెళ్ళిపోయింది.

"రేపు ఎన్నింటికి రావాలి?" అని అడిగాడు తాళాలాయన.

ఇక్కడ పనేమీ లేదని చెప్పడానికి చెల్లెలు నోరు తెరిచింది. "తొమ్మిదింటికండీ" అని వచ్చింది.

"తొమ్మిదింటికా దుకాణం తెరవడం? ఎనిమిదికే ఉండండి" అని ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు పది కొట్టేసరికి హోటలు మేనేజరు వచ్చాడు. పెద్దావిడ జాడ లేదు. తొట్టి వైపు ఒంగి చూశాడు, పక్కనుంచి చూశాడు. 

"ఉందా, లేదా?"

తాళాలాయన స్టూలు తెచ్చి ఆయన వెనకాల వేశాడు. "ఉంది. కొత్త చొక్కా ఇంకా బిగియలేదు, అందుకని నలుగురిలోకి రావడం లేదు. మీరు నిలబడితే అస్సలు రాదు. కూర్చోండి సార్."

ఆ గొంతు ముప్పై ఏళ్ళు షట్టర్లు దింపిన గొంతు. మేనేజరు కూర్చున్నాడు. రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. మూడోసారి చూసుకోలేదు. నలభై నిమిషాలకి రాయి కిందినుంచి ఒక తెల్ల మీసం బయటికొచ్చింది. వెనకాల రెండోది. తరవాత పెద్దావిడ, కొత్త ఎరుపులో మెరిసిపోతూ, మేనేజరు తొట్టిలో పెట్టిన చెయ్యి దాకా నడిచొచ్చి, పోయినసారి వదిలేసిన ఉంగరపువేలి దగ్గర పని మొదలుపెట్టింది.

"ఆర్డరు ఖాయం" అన్నాడు మేనేజరు, తల తిప్పకుండా.

చెల్లెలు వెనకగదిలోకి పరుగెత్తి అన్నయ్యకి ఆ మాట ఒక్కసారిగా చెప్పేసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. తేరుకుని, తెర పక్కకి తీసి చూశాడు.

"ఆర్డరిచ్చేశాడు కదా, మరింకా కూర్చున్నాడేం?"

"కాసేపుంటాడేమో."

"ఆయనకేమయిందో కనుక్కో."

"ఆయనకేమీ కాలేదన్నయ్యా! ఆయన హోటలు మేనేజరు!"

"ఏమీ కాకుండా ఎవరైనా ఒక రొయ్య కోసం అంతసేపు కూర్చుంటారా?" అన్నాడు చుక్కలాయన.

చెల్లెలు ఆయన భుజం మీదుగా తొంగిచూసింది. మేనేజరు ఫోను కట్టేసి, బూట్లు రెండూ విప్పి, స్టూలు కింద జాగ్రత్తగా సర్దిపెట్టుకున్నాడు.